కిర్రుబూట్లు

బర్బాంక్‌లో, టైర్ల కొట్టు వెనక,
కిటికీల్లేని గదిలో
ఒఫీలియా బరగాన్ ఎముకలు విరుస్తుంది.
సెలెరీ కాడల్ని తడిగుడ్డలో చుట్టి
మైకు ముందు పుటుక్కుమనిపిస్తుంది.
వారానికి నాలుగు కట్టలు. మిగిలింది సూపులోకి.

నేను గాజుకివతల, మీటల దగ్గర.

మొదటి భాగానికి మేం వానని ఏడు రకాలుగా పట్టాం.
బొగ్గుమనిషి గుర్తున్నాడుగా,
ఊరంతా చీకటి, మాటకీ మాటకీ మధ్య ఉరుము,
రెండు గంటల నలభై నిమిషాల్లో
ఒక్కసారైనా పళ్ళు కనబడనివ్వని మొహం.
అతను తమ్ముణ్ణి పూడ్చే సీనుకి
ఒఫీలియా పెరట్లోంచి బకెట్టెడు మట్టి తెచ్చి
చెక్కపెట్టె మీద పిడికెడు పిడికెడు పోసింది.
"ఇంకొక్కసారి" అన్నాను. మళ్ళీ అన్నాను.
వాళ్ళన్న ఎఫ్రెన్‌ని పాతిపెట్టి
అప్పటికి పదకొండు రోజులని
నాకెవరూ చెప్పలేదు.
మూడో టేకే సినిమాలో ఉంది.
జనం ఏడ్చారు.
ఆ రీలు వచ్చేసరికి ఆమె బయట
కారులో కూర్చుని ఉంది.

ఇప్పుడు రెండోది.
పేరు, బొగ్గుమనిషి మళ్ళీ రాజుకున్నాడు.
కొత్త దర్శకుడు వెండెల్ క్రూప్
నిమ్మపండు రంగు కోటులో, జేబులో రబ్బరు బాతుతో వచ్చి
కుర్చీని తిరగేసి కూర్చున్నాడు.
"ఈసారి ఎవరూ చావరు" అన్నాడు.
విలన్ కస్టర్డ్ దొరసాని.
నీళ్ళ ట్యాంకులో జెల్లీపొడి కలిపి
మేయర్ని స్నానాలతొట్టిలోనే గడ్డకట్టించేస్తుంది.
బొగ్గుమనిషి అంగీ అంచున ఇప్పుడు జరీ మెరుపు,
కిందపడితే 'అయ్యో నా నడుం' అంటాడు,
కెమెరా వైపు కన్ను కొడతాడు,
గుద్దితే...
"గుద్దితే బాతు అరవాలి" అన్నాడు క్రూప్.

ఒఫీలియా చేతులు తుడుచుకుంది.
ముప్ఫై నాలుగేళ్ళుగా గుద్దంటే ఆమెకి
పందిమాంసం ముక్క మీద తోలు గ్లౌజు.
"బాతా?"
"బాతే."

ఆ వారమంతా ధడేలుకి బదులు బొయ్యిం,
దభేలుకి బదులు బుళుక్కు.
బాతుని నొక్కుతుంది, స్ప్రింగుని మీటుతుంది,
ప్లాస్టిక్ గిన్నెలో జెల్లీని చెంపదెబ్బ కొడుతుంది,
మొహం మాత్రం
నవ్వలేక ఏడ్చినట్టు.
భోజనాలప్పుడు నాతో అంది,
"చావుకి చప్పుడు చెయ్యడం తేలిక.
చెవులు ముందే దిగులుపడి ఉంటాయి."

ఆరో రీలు.
దొరసాని మేడ మీద బొగ్గుమనిషి చాచా ఆడతాడు.
ఎందుకో స్క్రిప్టులో కూడా లేదు.
ఒఫీలియా కారు దాకా వెళ్ళి
కిరాణా సంచి పట్టుకొచ్చింది.
అందులో తెల్లటి మెరుపుతోలు బూట్లు, పదకొండో నంబరు.
శనివారాలు పకోయిమా హాల్లో ఎఫ్రెన్ తొడిగినవట.
మడమల్లో పాత పేపరు కుక్కి,
లేసులు రెండుచుట్లు చుట్టి,
గచ్చుపలక మీదికెక్కింది.

టక్ టక్ టకటక టక్,
ఎడమది కిర్రు.
టక్ టక్ టకటక టక్,
కిర్రు.

మా పనిలో కిర్రంటే తప్పు. ఆపేశాను.
ఆమె ఆగలేదు.
బొమ్మ ఆగిపోయింది, తెర ఖాళీ,
అరవై ఏళ్ళ మనిషి నడుం తిప్పుతూ
లేని భుజం మీద చెయ్యి వేసి
గది ఆ చివరికంటా వెళ్ళి
నవ్వింది, గట్టిగా, ముక్కుతో సహా.
ఆ నవ్వుని కోసెయ్యడానికి
నాకు మధ్యాహ్నమంతా పట్టింది.
కిర్రుని కొయ్యలేదు.

సినిమా పదిరోజులాడింది.
బరువు లేదని రాశారు పేపర్లో,
జరీ పెట్టి పరువు తీశారని.
మేం మంగళవారం పొద్దుటాటకి వెళ్ళాం.
హాల్లో తొమ్మిదిమంది, అందులో ఒకాయన నిద్ర.
మేడ మీద చాచా మొదలవగానే
వెనక వరసలో ఓ పిల్లాడు
"అమ్మా, ఆయన బూటు ఏడుస్తోంది" అని
పడీపడీ నవ్వాడు.

ఒఫీలియా నోట్లో పాప్‌కార్న్
నమలడం ఆపింది,
చప్పుడవుతుందని.